పదహారో సీటు నాకిచ్చిన మేడమ్ గారు

పందొమ్మిది వందల తొంభై రెండో సంవత్సరం జూన్ నెల పదిహేనో తేదీ, సోమవారం, పూర్వాహ్నం తొమ్మిది గంటల నలభై నిమిషాలకు మన ప్రత్యేక ఉన్నత పాఠశాలలో సహాయోపాధ్యాయినిగా సంతకం చేసి, ముప్పై రెండు సంవత్సరాల నిర్విరామ సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న మన ప్రవేశాల మేడమ్ గారిని అభినందిస్తూ నాలుగు మాటలు రాసే భాగ్యం నాకు కలిగింది. ఆనాడు బడి మొదలయ్యే సమయం తొమ్మిదిన్నర. అంటే మేడమ్ గారు ఉద్యోగంలో చేరిన రోజే పది నిమిషాలు ఆలస్యం. అభినందన సంచికలో ఇటువంటివి రాయడం మర్యాద కాదని సంపాదక వర్గం వారు నన్ను హెచ్చరించారు. కానీ ఆలస్యానికి కారణం కూడా అదే రిజిస్టరులో, అదే చేతిరాతలో ఉంది కనుక రాయక తప్పడం లేదు: "గేటు దగ్గర ఒక బాబు లోపలికి రానన్నాడు. వస్తానన్నదాకా అతని పక్కన మెట్టు మీద కూర్చున్నాను." ఆ ఒక్క వాక్యంలో మేడమ్ గారి ముప్పై రెండేళ్ళ ఉద్యోగం ఉంది. నేను ఇక్కడితో ఆపేయవచ్చు. అయితే సంచికలో నాకు ఆరు పేజీలు కేటాయించారు.

మాటలో, నడకలో, చూపులో, చదువులో, ఏకాగ్రతలో తోటివారికన్నా వేరైన సహాయం అవసరమయ్యే పన్నెండేళ్ళు దాటిన పిల్లల కోసం వెలసిన మన పాఠశాలలో ఆ రోజుల్లో ప్రవేశానికి నలభై మార్కుల లిఖిత పరీక్ష ఉండేది. ఆ పరీక్షలో ఉత్తీర్ణులయ్యే పిల్లలకు మన బడి అవసరం లేదు. మన బడి అవసరమైన పిల్లలు ఆ పరీక్షలో ఉత్తీర్ణులు కాలేరు. సీట్లు సగం ఖాళీగా ఉండటం మినహా ఈ ఏర్పాటు పదకొండేళ్ళపాటు ఎవరికీ ఎటువంటి ఇబ్బందీ కలిగించకుండా ప్రశాంతంగా సాగింది. మేడమ్ గారు చేరిన రెండో నెలలో, ఉపాధ్యాయుల సమావేశంలో ఆ జవాబు పత్రాలు తిరగేసి, "ఇంత బాగా రాసే పిల్లలకి మనమేం చెప్తామండీ? వాళ్ళే వచ్చి మనకి చెప్పాలి గానీ" అన్నారట. ఆనాటి ప్రధానోపాధ్యాయులు కోపం దిగమింగుకుని, తప్పు చూపినవారికే పని అంటగట్టే మన కార్యాలయ సంప్రదాయం ప్రకారం, ప్రవేశాల బాధ్యత మొత్తం ఆవిడ నెత్తిన పెట్టారు. అది శిక్షగా వేశారు. ఆవిడకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

మేడమ్ గారు మొదట పరీక్ష తీసేశారు. దాని స్థానంలో మూడు పూటల సందర్శన ప్రవేశపెట్టారు. మొదటి పూట పిల్లలు బడంతా తమ ఇష్టం వచ్చినట్టు తిరుగుతారు. ఎక్కడ ఆగారో, ఎక్కడ ఆగలేదో ఆవిడ వెనకాల నడుస్తూ రాసుకుంటారు. రెండో పూట తరగతిలో కూర్చుంటారు, లేదా తరగతి తలుపు దగ్గర నిలబడతారు, అదీ కాకపోతే తరగతి కనిపించేంత దూరంలో ఉంటారు. మూడో పూట పిల్లలే మనల్ని పరీక్షిస్తారు. "ఈ పిల్లకి మన బడికి వచ్చే అర్హత ఉందా అని కాదండీ, ఈ పిల్లకి చదువు చెప్పే అర్హత మనకుందా అని చూడాలి" అనేది ఆవిడ నిత్యం చెప్పే మాట. ఆ మూడో పూట పరీక్షలో మన వ్యాయామోపాధ్యాయులు వరసగా నాలుగుసార్లు తప్పడం, ఐదోసారి ఉత్తీర్ణులై మిఠాయిలు పంచడం పాతవారందరికీ గుర్తే. మేడమ్ గారి అల్లుడుగారికి కూడా పెళ్ళికి ముందు వారి ఇంట మూడు పూటల సందర్శన జరిగిందని ఒక ప్రచారం ఉంది. నేను ఆరా తీశాను. అల్లుడుగారు ఖండించలేదు.

పై కార్యాలయం నుంచి తనిఖీకి వచ్చిన ఒక అధికారి మన వరండాలో మేడమ్ గారు మోకాళ్ళ మీద పాకుతూ వెళ్తుండటం చూసి, పాపం ఏదో నగ పోగొట్టుకున్నారనుకుని, తానూ పక్కనే పాకుతూ పావుగంట వెతికారు. ఆ తరువాత, "ఎలా ఉంటుందమ్మా అది?" అని అడిగారట. "వెలుతురండీ. చక్రాల కుర్చీలో కూర్చున్నవాళ్ళ కళ్ళల్లోకి నేరుగా కొడుతోంది, ఈ ఎత్తు నుంచి చూడండి" అన్నారట మేడమ్ గారు. ఆ అధికారి లేచి, పంట్లాం దులుపుకుని, కిటికీలకు తెరలు మంజూరు చేసి వెళ్ళిపోయారు. మన పాఠశాల చరిత్రలో అర్జీ లేకుండా మంజూరైన వస్తువులు ఆ తెరలు మాత్రమే.

ఈ దశలో, పందొమ్మిది వందల తొంభై ఎనిమిదిలో, ఈ వ్యాసకర్త కార్యాలయ పర్యవేక్షకునిగా రంగప్రవేశం చేశాడు. మా ఇద్దరికీ ఒకే గది ఇచ్చి మధ్యలో ఒక ఇనుప బీరువా అడ్డంగా పెట్టారు. బీరువాకు ఇటువైపు నా రాజ్యం: ఫైళ్ళు అంకెల వరుసలో, పెన్నులు పొడవు వరుసలో, సర్క్యులర్లు తేదీల వరుసలో. అటువైపు మేడమ్ గారి రాజ్యం గురించి రాయడానికి నా దగ్గర మర్యాదకరమైన మాటలు లేవు. ఆవిడ దరఖాస్తులు చెప్పుల పెట్టెలో పెట్టుకునేవారు. నా స్టేప్లరు తీసుకుని వెనక్కి ఇచ్చేవారు కాదు. అడిగితే, "మీ స్టేప్లరు బాగానే ఉందండీ, ఒక పాపకి దాని చప్పుడు నచ్చింది" అనేవారు. పదమూడేళ్ళపాటు మా మధ్య బీరువా ఉండబట్టి సరిపోయింది.

రెండువేల పదకొండు తరువాతి ఆవిడ సేవలను ఇప్పుడే క్లుప్తంగా చెప్పేస్తాను. ఎందుకంటే ఆ సంవత్సరం దగ్గరికి వచ్చాక నేను మరొకటి చెప్పలేను. మేడమ్ గారు రెండువేల పదహారులో ఉప ప్రధానోపాధ్యాయిని అయ్యారు. ప్రతి విద్యార్థి సహాయ ప్రణాళికనూ ఏడాదికి మూడుసార్లు సమీక్షించే పద్ధతి తెచ్చి, ఆ సమీక్షలో అధ్యక్షుని కుర్చీ విద్యార్థికే ఇచ్చారు. చదువు ముగిసే రెండేళ్ళ ముందు నుంచే ఏ పని చేస్తారో పిల్లలతో మాట్లాడి, ఆ పని జరిగే చోటికి వారిని తీసుకుపోయి చూపించారు. ఇవన్నీ వార్షిక నివేదికల్లో ఉన్నాయి. ఇక నివేదికల్లో లేనిది చెబుతాను.

రెండువేల పదకొండులో మేడమ్ గారు రెండు సంస్కరణలు ఒకేసారి తెచ్చారు. మొదటిది 'నా గురించి ఒక పేజీ'. నాకు ఇష్టమైనవి, నన్ను కలవరపెట్టేవి, నాకు ఎలా సహాయం చేస్తే బాగుంటుంది అనే మూడు ప్రశ్నలకు పిల్లలు తమకు తోచిన పద్ధతిలో, మాటతోనో బొమ్మతోనో సైగతోనో జవాబు చెబితే, దాన్ని టైపు చేయించి పెడతారు. రెండోది అంకెల పద్ధతి. తండ్రి ఉద్యోగమూ, జబ్బు పేరూ చూసి కమిటీ వారు ముందే ఒక అభిప్రాయానికి వస్తున్నారని, ఇకపై వారి ముందుకు పేరూ వయసూ లేని పేజీ మాత్రమే, ఒక అంకె వేసి పంపాలన్నారు. పిల్లలెవరో తెలిసినవారు, అంటే మేడమ్ గారూ, అంకెల రిజిస్టరు రాసే నేనూ, సమావేశం జరుగుతున్నంతసేపూ బయట వరండాలో ఉండాలి.

అక్కడితో ఆగారా? "పిల్లల్ని అడిగే ముందు మనం రాసి చూద్దామండీ, ఎలా ఉంటుందో తెలుస్తుంది" అని సిబ్బందికి తలా ఒక ఫారం పంచారు. నాకు ఒళ్ళు మండింది. నలభై ఆరేళ్ళవాణ్ణి, నాకేమిటి సహాయం? వెటకారానికి రాద్దామని కూర్చున్నాను. రాయడం మొదలుపెట్టాక ఎందుకో వెటకారం రాలేదు. గంట మోగితే నాకు గుండె దడ వస్తుందని రాశాను. లెక్కపెడుతున్నప్పుడు పలకరిస్తే ఏడుపొచ్చినంత పనవుతుందని రాశాను. చెప్పకుండా నా కుర్చీ జరపవద్దని, వెనకనుంచి భుజం మీద చెయ్యి వేయవద్దని, కోపం వస్తే ఐదు నిమిషాలు వదిలేస్తే నేనే వస్తానని రాశాను. టైపుకు ఇచ్చేశాను. తిరిగి వచ్చిన పేజీల కట్టలోంచి సిబ్బందివి ఒక ఫైలులో, పిల్లలవి ఇంకో ఫైలులో సర్దింది నేనే. పిల్లల పేజీలకు అంకెలు వేసి, వెనక పెన్సిలుతో రాసిన పేరు రిజిస్టరులో ఎక్కించి చెరిపేసిందీ నేనే. పదకొండో పేజీ వెనక నా పేరే ఉంది. ఇరవై మూడేళ్ళ సర్వీసులో కొన్ని వేలసార్లు రాసిన పేరు. మెదడుకు కబురు పంపకుండానే చెయ్యి రాసేసింది.

ఆ ఏడాది సీట్లు పదహారు. సందర్శనలన్నీ ముగిసేసరికి మిగిలిన పిల్లలు సరిగ్గా పదహారుమంది. ఒక్కొక్కరికీ కావలసిన సహాయం మనం చేయగలమా లేదా అన్నదే కమిటీ తేల్చాలి. పదకొండో అంకె దగ్గర కమిటీ చాలాసేపు ఆగిందని నాకు తరువాత మినిట్సు చదివితే తెలిసింది. "ఈ బాబు ఇదంతా ఎన్నాళ్ళనుంచి లోపల దాచుకున్నాడో" అని సైకాలజిస్టు గారు అన్నారట. స్పీచ్ థెరపిస్టు గారు కళ్ళు తుడుచుకున్నారట. "ఇలాంటి పిల్లల కోసం కాకపోతే ఈ బడి ఎందుకు?" అని ప్రధానోపాధ్యాయులు బల్ల గుద్దారట. ఏకగ్రీవంగా ప్రవేశం, కొత్తవారందరికీ లాగే ఎనిమిదో తరగతి. గంటకు దూరంగా కిటికీ పక్క స్థానం, రోజువారీ కార్యక్రమం గోడ మీద, ఏ మార్పు వచ్చినా ఒక రోజు ముందు తెలియజేయుట. ఆ సమయంలో నేను వరండాలో నిలబడి, కమిటీవారు ఆలస్యం చేస్తున్నారని మేడమ్ గారి దగ్గర విసుక్కుంటున్నాను.

ఇదిలా ఉండగా ప్రధానోపాధ్యాయుల ప్రవర్తనలో నాకొక వింత మార్పు కనిపించింది. నాతో మాట్లాడవలసి వస్తే వచ్చి నా కుర్చీ పక్కన గొంతుక్కూర్చుని, కింది నుంచి నా మొహంలోకి చూస్తూ, మెల్లగా మాట్లాడసాగారు. నా బల్ల మీది సర్వీసు రిజిస్టర్లన్నీ తన గదికి తెప్పించుకున్నారు. వాటి స్థానంలో ఒక పాత పత్రికల కట్ట పెట్టి, చిరునవ్వు నవ్వి, "ఇవి మీవే" అన్నారు. ఆయనకు నడుం నొప్పి, నాకు బదిలీ అనుకున్నాను.

బుధవారం సాయంత్రం నేను ఇంటికి వెళ్ళేసరికి మా అమ్మ గుమ్మంలో కుర్చీ వేసుకుని, భూతద్దంతో ఒక ఉత్తరం చదువుతోంది. తల్లిదండ్రులకు లేక సంరక్షకులకు అని పైన రాసి ఉంది కనుక తనకే వచ్చిందని విప్పింది.

"ఒరేయ్, నీకు సీటొచ్చిందిరా!"

"ఏం సీటమ్మా?"

"ఎనిమిదో తరగతి. మీ బళ్ళోనే. పుస్తకాలు వాళ్ళే ఇస్తారంట. బస్సు ఇంటి ముందుకే వస్తుందంట. ఇన్నాళ్ళూ ఆ డొక్కు స్కూటరు మీద ఎందుకు పోతున్నావురా?"

లోపల్నుంచి నా భార్య, "యూనిఫాం కుట్టించాలా అత్తయ్యా?" అంది.

నాకు నవ్వు రాలేదు. పదహారు సీట్లు, పదహారుమంది పిల్లలు. అందులో ఒకటి నేను తీసుకున్నానంటే, బయట నిలబడిపోయింది ఎవరు?

గురువారం ఉదయం ఎనిమిదింటికే వెళ్ళి రిజిస్టరు తెరిచాను. లేనిది ఒక దర్జీగారి అమ్మాయి పేరు. పదమూడేళ్ళ పిల్ల. నాలుగు బడులు ఆ అమ్మాయిని చేర్చుకోలేమన్నాయి. ఒక బడి బల్ల కింద కూర్చుంటుందని, ఒకటి మాట్లాడదని, ఒకటి తోటి పిల్లల నోటు పుస్తకాలు చింపుతుందని, నాలుగోది కారణం చెప్పే ఓపిక కూడా లేక. ఏడాదిన్నరగా తండ్రి దుకాణంలో, ఆయన గుడ్డ కత్తిరించే బల్ల కింద కూర్చుంటోంది. మన బడికి మూడు పూటలు వచ్చి, ఒక్క మాటైనా మాట్లాడకుండా, నా పాత సర్క్యులర్లన్నీ సన్నటి పేలికలుగా చింపి పెట్టింది. అప్పట్లో నేను మేడమ్ గారి మీద విరుచుకుపడ్డాను. ఆవిడ స్కేలు తెచ్చి పేలికలు కొలిచి, "చూడండి, ఒక్కటి కూడా వెడల్పు తేడా లేదు. మీకు వరస ఇష్టం కదా, మీరే మెచ్చుకోవాలి" అన్నారు.

మేడమ్ గారు రాగానే బీరువా దాటి అటువైపు వెళ్ళాను. పదమూడేళ్ళలో అది మొదటిసారి. విషయం చెప్పాను. తిట్టండి అని కూడా చెప్పాను. ఆవిడ తిట్టలేదు. "ఆ పాప పేజీ ఏదండీ?" అన్నారు. సిబ్బంది ఫైలులో, నా పేరు రాసిన చోట దొరికింది. మేడమ్ గారు పైకి చదివారు: "నాకు కాగితం చింపడం చాలా ఇష్టం. బల్ల కింద బాగుంటుంది. గట్టిగా మాట్లాడితే నేను మాట్లాడను. నాతో మాట్లాడాలంటే కిందికి రండి." సిబ్బంది పేజీలన్నీ చదివిన ప్రధానోపాధ్యాయుల నడుం నొప్పి మర్మం అప్పుడు అర్థమైంది. మేడమ్ గారు కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వారు. ఉన్నట్టుండి నవ్వు ఆపి, "ఆ తండ్రి ఉత్తరం కోసం చూస్తుంటాడండీ" అన్నారు. నాకు తలెత్తాలనిపించలేదు.

ఇద్దరం ప్రధానోపాధ్యాయుల గదికి పరుగెత్తాం. ఆయన నన్ను చూడగానే అలవాటుగా కుర్చీలోంచి లేచి గొంతుక్కూర్చోబోయారు.

"అక్కర్లేదు సార్" అన్నాను.

"అయితే కాగితాలు చింపేది మీరు కాదా?"

"కాదు సార్."

ఆయన మొహంలో అంత ఉపశమనం నేను మళ్ళీ చూడలేదు. కానీ మరుక్షణమే నియమావళి తెరిచారు. శుక్రవారం సాయంత్రం ఐదింటికి పదహారు పేర్ల జాబితా పై కార్యాలయానికి చేరాలి. చేరాక మార్పులు వచ్చే ఏడే. ప్రవేశం పొందిన విద్యార్థి సీటు వదులుకోవాలంటే సంరక్షకులు స్వయంగా హాజరై, ప్రధానోపాధ్యాయుల సమక్షంలో సంతకం చేయాలి. తల్లిదండ్రులకు తెలియకుండా పిల్లల సీట్లు పోగొట్టే దుర్మార్గాన్ని అరికట్టడానికి పెట్టిన నిబంధన అది.

"నాకు నలభై ఆరేళ్ళు సార్!"

"రిజిస్టరులో పేరున్నంతవరకూ మీరు విద్యార్థే. ఇంత గట్టి నిబంధన ఎవరు రాశారో గానీ, ఎక్కడా సందు లేదు."

రాసింది నేనే. సందు లేకుండా రాసినందుకు అప్పట్లో ప్రశంసాపత్రం కూడా తీసుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకు మా అమ్మ వచ్చింది. మంచి బట్టలు కట్టుకుని వచ్చింది. ప్రధానోపాధ్యాయుల ఎదుట కూర్చుని నావంక చూసి, "ఏం చేశావురా?" అంది. గదిలో కమిటీ మొత్తం ఉంది. నేను గోడ పక్కన నిలబడ్డాను. సీటు వదులుకోవాలని చెబితే, "వదులుకోమంటే వదులుకోడానికి ఇదేమన్నా బస్సులో సీటా?" అంది. ఫారం ముందు పెడితే, "కళ్ళజోడు తేలేదు. చదవకుండా దేనిమీదా సంతకం పెట్టొద్దని వీడే నాకు చెప్పాడు" అంది. నాలుగైంది. గోడ గడియారం వంక చూడటం తప్ప నేను చేయగలిగింది లేదు.

మేడమ్ గారు వెళ్ళి అమ్మ కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నారు. "నేను చదువుతానమ్మా" అని, ఫారం పక్కన పెట్టి, ముందు నా పేజీ చదివారు. గంట మోగితే దడ, లెక్కలో పలకరింపు, భుజం మీద చెయ్యి. అమ్మ వింటూ వింటూ కొంగు వేలికి చుట్టుకోసాగింది.

"చిన్నప్పుడు బడిగంట కొడితే చెవులు మూసుకుని ఏడ్చేవాడమ్మా. పెంకెతనమని మాస్టారు కొట్టేవాడు. ఇంటికొస్తే నేనూ కొట్టేదాన్ని" అని, కొంగు వదిలేసి, "ఇలా కాగితం ఇచ్చి అడిగుంటే అప్పుడే చెప్పేవాడు కాబోలు. అడగాలని నాకు తట్టలేదు" అంది.

నాకు ఇంతమంది ఎదుట ఇదేమి ఖర్మ అని ఒకవైపు, ఈ మాట వినడానికి నేను నలభై ఏళ్ళు ఆగానా అని ఒకవైపు. తరువాత మేడమ్ గారు రెండో పేజీ, దర్జీగారి అమ్మాయిది, చదివారు.

"ఈ పాపకి ఎన్నేళ్ళు?"

"పదమూడమ్మా."

"ఇటివ్వండి ఆ కాగితం." అమ్మ పెన్ను పట్టుకుని మళ్ళీ ఆగింది. "కానీ ఒక మాట. సీటు వద్దు. వీడికి చేస్తామని రాసినవన్నీ మాత్రం చెయ్యాలి. గంట సంగతి కూడా."

ప్రధానోపాధ్యాయులు నియమావళిలో వెతికి, షరతుతో సీటు వదులుకోరాదని ఎక్కడా లేదని తేల్చారు. ఆ ఒక్క సందు నేను మరచిపోయాను. అమ్మ సంతకం పెట్టింది. కమిటీ అక్కడికక్కడే అమ్మాయి పేజీ మీద నిర్ణయం తీసుకుంది. పది నిమిషాలు పట్టలేదు. జాబితా ఐదుకు ఎనిమిది నిమిషాల ముందు పై కార్యాలయానికి చేరింది. మన బడిలో గంట పోయి తరగతికొక లైటు వెలగడం ఆ మరుసటి నెలనుంచే. అది ఏ కమిటీ సిఫార్సో అని కొత్తవారు అడుగుతుంటారు. అది మా అమ్మ సిఫార్సు.

దర్జీగారు ఫోను ఎత్తలేదు. బడుల నుంచి ఫోనంటే ఏమిటో ఆయనకు నాలుగుసార్లు తెలిసింది కాబోలు. ఉత్తరం చేత్తో పట్టుకుని మేడమ్ గారూ నేనూ నడిచే వెళ్ళాం. ఇరుకు వీధి, మెట్లెక్కితే ఒక గది, గుమ్మానికి ఎదురుగా మిషను. ఆయన మమ్మల్ని చూసి తొక్కుడు ఆపాడు.

"లేదని చెప్పడానికి ఈసారి మనుషులే వచ్చారా?" అన్నాడు. కోపంగా అనలేదు.

మేడమ్ గారు ఉత్తరం ఆయన చేతిలో పెట్టి, తిన్నగా వెళ్ళి కత్తిరింపు బల్ల ముందు నేల మీద కూర్చుని, వంగి లోపలికి చూశారు. "నీకు సీటొచ్చిందమ్మా. సోమవారం నుంచి రావచ్చు. పొరపాటు మాది. నీ సీటు తప్పుగా ఈయనకి వెళ్ళింది. ఈయన ఇచ్చేశారు."

దర్జీగారు నన్ను ఎగాదిగా చూసి, "మీకా?" అన్నాడు. పెద్ద కథండీ అన్నాను. బల్ల కింద కాగితం చిరుగుతున్న చప్పుడు ఆగిపోయింది.

"మరి ఈయన?" అని లోపల్నుంచి ఒక గొంతు వినిపించింది. మూడు పూటల్లో మేం ఒక్కసారి కూడా వినని గొంతు.

"ఈయనేంటమ్మా?" అన్నారు మేడమ్ గారు.

"ఈయన ఎక్కడ కూర్చుంటాడు?"

బల్ల కింద చిన్న కదలిక. పేలికలు ఒక పక్కకు నెట్టిన చప్పుడు. తరువాత ఒక చెయ్యి బయటికి వచ్చి నేల మీద రెండుసార్లు తట్టింది.

"ఇక్కడ చోటుంది."

దర్జీగారు మా వైపు వీపు తిప్పి, మిషనులో గుడ్డ లేకుండానే గబగబా తొక్కడం మొదలుపెట్టాడు. నలభై ఆరేళ్ళ వయసులో, ఇస్త్రీ పంట్లాంతో, నేను మోకాళ్ళ మీద పాకి ఆ బల్ల కిందికి వెళ్ళి కూర్చున్నాను. తల పైకి తగిలింది. అమ్మాయి నాకొక కాగితం ఇచ్చింది. నాకు సన్నగా చింపడం రాలేదు. ఆ అమ్మాయి నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టి చూపించింది.

తిరిగి వస్తుంటే మేడమ్ గారు, "పంతొమ్మిదేళ్ళుగా సీట్లిస్తున్నానండీ. మనకి మూడు పూటలు పడుతుంది, కమిటీ కావాలి, మీ రిజిస్టరు కావాలి" అన్నారు. "ఆ పాపని నాలుగుచోట్ల వద్దన్నారు. మీకు చోటివ్వడానికి అరనిమిషం పట్టలేదు."

ఆ అమ్మాయి మన బడిలో ఐదేళ్ళు చదివింది. ఇప్పుడు తండ్రి దుకాణంలో అదే బల్ల దగ్గర, పైన నిలబడి, స్కేలు పెట్టకుండా గుడ్డ కత్తిరిస్తోంది. ఈ సంచిక ఒక ప్రతి వారికి కూడా పంపుతున్నాం.

మేడమ్ గారూ, మీరు ఆయురారోగ్యాలతో, నొప్పుల్లేని మోకాళ్ళతో, మీవారితో, కూతురు అల్లుళ్ళతో సుఖంగా నూరేళ్ళు ఉండాలని మీ సహోద్యోగులందరి తరఫున మనసారా కోరుకుంటున్నాను. ముప్పై రెండేళ్ళలో తొమ్మిదివందల నలభైమంది పిల్లలకు చోటు చూపించారు. లెక్క తప్పు కాదు, ఎవరూ పలకరించకుండా కూర్చుని రెండుసార్లు చూశాను. ఇకమీదట మీరు ఏ గుమ్మంలో అడుగుపెట్టినా, మీరు ఎవరని గానీ, ఎందుకు వచ్చారని గానీ ఎవరూ అడగకుండా, లోపల ఉన్నవాళ్ళు కాస్త పక్కకు జరిగి, తమ పక్కన నేల మీద రెండుసార్లు తట్టాలి.